వడ్ల సీజన్‌లో ఒక నోట్‌బుక్: కొనుగోలు కేంద్రం ఇన్‌ఛార్జితో చేసిన పని

నేను కౌన్సెలర్‌ని. రోజూ కాసేపు నోట్‌బుక్‌లో రాసుకోవడాన్ని కౌన్సెలింగ్‌లో ఒక పద్ధతిగా వాడిన కేసు ఇది. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఒక ఊరి మహిళది. ఆమెకు నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఇంటర్ దాకా చదివింది. మహిళా సంఘాల తరఫున నడిచే ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) వడ్ల కొనుగోలు కేంద్రానికి ఇన్‌ఛార్జి. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఊరి పేరు చెప్పడం లేదు. ఆమె నోట్‌బుక్‌లోంచి తీసుకున్న మాటలు కూడా ఆమె చదివి సరే అన్నవే.

ఏప్రిల్ చివర్లో, యాసంగి (రబీ) కొనుగోళ్లు జోరు మీద ఉన్నప్పుడు వచ్చింది. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే గుండెదడ. ఊళ్లో అందరూ "ఎండ దెబ్బ" అన్నారట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ గారు బీపీ చూసి, మాటల్లో పెట్టి, కౌన్సెలింగ్‌కు వెళ్లమని చెప్పి పంపారు. ఆమె కూర్చోగానే అన్న మాట: "మేడం, నాకేం రోగం లేదు. ఈ రెండు నెలలు ఎట్లన్న గడిపియ్యాలె. మళ్ల అక్టోబర్‌ల వస్తది, అప్పుడు చూసుకుంట."

ఈ మాటతోనే కేసు సగం అర్థమైంది. ఆమె కష్టం ఏడాదంతా ఉండేది కాదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకోసారి. నడుమ నెలల్లో బాగానే ఉంటుంది. బాగున్నప్పుడు దాని గురించి ఆలోచించడం ఇష్టం ఉండదు, బాగా లేనప్పుడు ఆలోచించే తీరిక ఉండదు. నాలుగేళ్లుగా ఇదే వరస.

కొనుగోలు కేంద్రం పని తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. హార్వెస్టర్ కోసిన వడ్లు ట్రాక్టర్లలో నేరుగా సెంటర్‌కు వస్తాయి. తేమ 17 శాతం దాటితే కొనరు కాబట్టి రైతు అక్కడే ఆరబోసుకుని, రోజూ మిషన్‌లో తేమ చూపించుకుంటాడు. తేమ సరిపడా తగ్గితే వరస ప్రకారం కాంటా, అంటే తూకం. కాంటాకు గన్నీ సంచులు కావాలి, హమాలీలు కావాలి. సంచులు నిండితే లారీ కావాలి. లారీ మిల్లుకు పోతే అక్కడ దిగుమతి కావాలి. మిల్లు నిండితే లారీ రెండు మూడు రోజులు గేటు ముందే ఉంటుంది, అంటే సెంటర్‌కు ఇంకో లారీ రాదు. మిల్లులో తాలు ఉందనో తేమ ఉందనో తరుగు తీస్తే, ఆ కోపం రైతు వచ్చి చూపించేది ఇన్‌ఛార్జి మీదే. ట్యాబ్‌లో ఎంట్రీ ఆలస్యమైతే ఖాతాలో డబ్బు ఆలస్యం, దానికీ ఆమెకే ఫోన్. సంచులు, లారీలు, మిల్లు, ఖాతాలో డబ్బు, వీటిలో ఏదీ ఆమె చేతిలో లేదు. అందరికీ కనిపించే మనిషి మాత్రం ఆమె ఒక్కతే.

ఇంట్లో సంగతులు వేరే. పెళ్లి ముహూర్తాలన్నీ ఈ నెలల్లోనే, ఒక్కదానికి పోకున్నా బంధువుల మాట పడాలి. కొడుకు ఇంటర్ ఫలితాలు. జూన్‌లో కూతురి స్కూల్ ఫీజు. అత్తకు మోకాళ్ల నొప్పులు. భర్త ట్రాక్టర్ కిరాయికి తిప్పుతాడు కాబట్టి ఆయనకూ ఇదే సీజన్.

కుంగుబాటు ఎంత ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి వేశాను. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, ఎక్కువ వస్తే కుంగుబాటు ఎక్కువని. ఆమెది 10 నుంచి 14 మధ్యలో ఉండే మధ్యస్థ శ్రేణిలోకి వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచన గురించి. దాన్ని కాగితం మీద టిక్‌తో వదిలేయను, నోటితో అడుగుతాను. "చావాలని లేదు. ఎవ్వరికి కనపడకుంట యాడికన్న పోవాలని ఉంటది" అంది. పురుగుమందు ఇంట్లో ఎక్కడ ఉంటుందో అడిగి, అది తాళం ఉన్న చోట పెట్టించే విషయం భర్తతో మాట్లాడాను. రాత్రి వేళ అవసరమైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయమని రాసి ఇచ్చాను. ఆ నంబర్ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోమన్నాను. హిమోగ్లోబిన్ తక్కువ వచ్చింది, ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. రాయడం గురించిన కథలో ఈ మాత్రలను మర్చిపోవద్దని ముందే చెబుతున్నాను. ఆమె అలసటలో కొంత భాగం మనసుది కాదు, రక్తానిది.

రాత పద్ధతి ఈమెకు ఎందుకు అనుకున్నానంటే, ఆమె అప్పటికే రాస్తోంది. సెంటర్ రిజిస్టర్ చివరి పేజీల్లో, కాంటా లెక్కల వెనకాల. మొహమాటపడుతూ ఫోన్‌లో ఫోటోలు చూపించింది. "ఇయ్యాల మళ్ల తిట్టిండు. అందరి ముందల తిట్టిండు. నేనేం పాపం జేసిన. నాకే ఎందుకు. అందరి ముందల తిట్టిండు." పేజీ పేజీకీ అదే. ఎవరు తిట్టారో లేదు, ఎందుకో లేదు, తర్వాత ఏం జరిగిందో లేదు. రాశాక ఎలా ఉంటుందని అడిగితే, "ఇంకా మండుతది" అంది.

రాస్తే భారం తగ్గుతుందని మన దగ్గర చాలామంది అలవాటుగా చెప్పేస్తారు. అన్ని రాతలకూ అది వర్తించదు. మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తమ జీవితంలో బాధపెట్టిన ఘటననూ, దాని గురించి తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి ఆరు నెలల్లో మాత్రం వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. 2006లో ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో సగటు ప్రయోజనం ఉందిగానీ చిన్నదే అని తేలింది. కాబట్టి నేను దీన్ని మందులా రాసివ్వను. తిరిగిన చోటే తిరిగే రాతను కదిలే రాతగా మార్చగలిగితేనే ఉపయోగం. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు, ఈమధ్యే పెద్ద దుర్ఘటన చూసినవాళ్లకు, ఇంట్లో ఎవరైనా నోట్‌బుక్ లాక్కుని చదివే ప్రమాదం ఉన్నవాళ్లకు మొదటి రోజే పెన్ను చేతికివ్వను.

ముందు రిజిస్టర్ నుంచి బయటికి తెచ్చాను. అది ఆఫీసు కాగితం, రేపు ఆడిట్‌లో ఎవరైనా తిరగేస్తారు. కిరాణా కొట్లో దొరికే లాంగ్ నోట్‌బుక్ వేరేగా కొనుక్కుంది. ఎప్పుడు రాయాలన్నదే పెద్ద తలనొప్పి అయింది. రాత్రి తొమ్మిది దాటితే కళ్లు మూతలు పడతాయి, పొద్దున ఆరింటికే రైతులు గేటు దగ్గర ఉంటారు. చివరికి మధ్యాహ్నం కుదిరింది. మే నెల నల్లగొండ ఎండల్లో ఒంటిగంట తర్వాత హమాలీలు కాంటా ఆపి రేకుల షెడ్డులో నడుము వాలుస్తారు. ఆ వేళలో పదిహేను నిమిషాలు. ఫోన్ స్విచాఫ్ చేయడం కుదరదు కాబట్టి సంఘంలో ఇంకో సభ్యురాలి చేతికి ఇవ్వాలి. ఈ ఒక్క పనికే ఆమె చాలా రోజులు తటపటాయించింది. "నా ఫోన్ వేరేటోళ్లు ఎత్తితే నేనే తప్పించుకున్న అంటరు" అని భయం. ఎత్తిన ఆవిడ మాత్రం రైతులకు నిదానంగా జవాబు చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదు.

రాసే తీరు గురించి రెండే సూచనలు చేశాను. మొదటిది, జరిగింది జరిగినట్టు రాయాలి: ఎన్నింటికి, ఎవరు, ఏ మాట అన్నారు, నువ్వేం జవాబిచ్చావు, అప్పుడు ఒంట్లో ఏమైంది. లారీలో ఏం ఎక్కిందో రాసే ట్రక్ షీట్ నింపే మనిషికి ఇది కష్టం కాదు. రెండోది, "నేను" అని కాకుండా "ఆమె" అని రాసి చూడమన్నాను. తనను తాను కొంచెం దూరం నుంచి చూసుకుంటే అదే బాధలో చుట్లు తిరగడం తగ్గుతుందని మనస్తత్వ పరిశోధకులు ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ చేసిన పరిశోధనలు చెబుతాయి. ఆమె ముందు పకపకా నవ్వింది. తర్వాత వారం ఇది తెచ్చింది:

"పదకొండున్నరకు ఒక రైతు వచ్చి, నా వడ్లు ఐదు రోజులాయె, ఇంకా ఎన్ని రోజులు అని గట్టిగ అడిగిండు. ఆమె సంచులు రాలేదు అని చెప్పింది. సంచులు ఇంట్ల పెట్టుకున్నవా అని అన్నడు. ఆమెకు చేతులు వణికినయ్. జవాబు చెప్పలేదు. ఆయన కూతురి పెండ్లి పన్నెండో తారీకు అని పక్కాయన చెప్పిండు. పైసలకు ఆగమైతున్నడు."

ఈ చివరి రెండు వాక్యాలు పాత రాతలో ఎప్పుడూ లేవు. అందరి ముందు తిట్టిన మనిషి వెనక ఒక పెళ్లి తేదీ ఉందని ఆమెకు ఆ రోజే తెలుసు. రాసేటప్పుడే అది తన అవమానం పక్కన వచ్చి నిలబడింది. దానితో ఆమె చేతులు వణకడం ఆగిపోలేదు, ఆ మాట తప్పు కాకుండా పోలేదు. ఆ రాత్రి నిద్ర పట్టిందట, అంతే.

మే రెండో వారంలో అకాల వర్షం పడింది. ఈదురుగాలికి వడ్ల మీద కప్పిన పట్టాలు (టార్పాలిన్లు) లేచిపోయాయి. కుప్పల కిందికి నీళ్లు వచ్చాయి, కొన్ని వడ్లు మోరీలోకి కొట్టుకుపోయాయి. తర్వాత పది పన్నెండు రోజులు ఆమె నోట్‌బుక్ ముట్టలేదు, నా దగ్గరికీ రాలేదు. ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడి, భర్తతో మాట్లాడి, మనిషి క్షేమమని తెలుసుకుని ఊరుకున్నాను. అప్పుడు రాయమని పట్టుబట్టేవాళ్లతో నేను ఏకీభవించను. తడిసిన వడ్లు తిరగేయాల్సిన మనిషికి పడుకోవడానికి టైం కావాలి, పెన్ను కాదు.

మే చివర్లో, రోహిణి కార్తె ఎండలో, ఆమె వచ్చింది. ఆ రాత్రి గురించి రాసి తెచ్చింది, ఏడు పేజీలు. ఒక ముసలాయన కుప్ప మొలకెత్తింది. ఆయన ఆమెను ఏమీ అనలేదు, సెంటర్ అంచున కూర్చుని మొలకలు వచ్చిన గింజలు చేత్తో వేరు చేశాడు. పాత పద్ధతిలో అయితే ఆమె "నా పాపమే" అని రాసి వదిలేసేది. ఈసారి గంటల వారీగా రాసింది. నాలుగింటికి మబ్బు పట్టగానే పట్టాలు కప్పుకోమని మైకులో చెప్పించింది. సెంటర్‌లో ఉన్న పట్టాలు ఎన్నో, కుప్పలు ఎన్నో రాసింది. పట్టాలు కావాలని ముందే ఇండెంట్ (రాతపూర్వక కోరిక) పెట్టింది, అవి రాలేదు. ఇంతవరకు చదివితే ఆమె తప్పు లేదనే అనిపిస్తుంది.

ఐదో పేజీలో ఇంకోటి ఉంది. అంతకు రెండు రోజుల ముందు ముసలాయన వంతు రావాల్సి ఉండగా, వరసకు మరిది అయ్యే ఒకతని కుప్పను ముందు కాంటా పెట్టించింది. ఊళ్లో పెద్దమనిషి ఒకాయన చెప్పాడు, ఇంట్లోవాళ్లూ చెప్పారు. అలా జరగకపోతే ముసలాయన వడ్లు వానకు ముందే లారీ ఎక్కేవి.

ఈ చోట కౌన్సెలర్‌కు ఒక తొందర ఉంటుంది. "మీ తప్పు కాదమ్మా, వ్యవస్థ అలా ఉంది" అని ఊరడించాలనిపిస్తుంది. నేను ఆ మాట అనలేదు, ఎందుకంటే అది నిజం కాదు, ఆమె నమ్మేది కూడా కాదు. వాన ఆమె చేతిలో లేదు, సంచులు లేవు, లారీ లేదు. వరస ఆమె చేతిలో ఉంది. ఆ ఏడు పేజీల్లో ఆమె పని ఏది, వేరేవాళ్లది ఏది అని పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ మళ్లీ చదవమన్నాను. నాలుగేళ్లుగా మొత్తం సీజన్‌ను నెత్తిన మోసిన మనిషికి, చివరికి తనదని గీత పడింది ఒక్క పేరా. ఆ పేరాకు బాగా ఏడ్చింది. ఆ వారం నిద్ర ముందుకన్నా చెడింది. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉంచాను, వారం నడుమ రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను.

ముసలాయనతో మాట్లాడాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమే. పోయి చెప్పింది. ఆయన విని, "ఇప్పుడు చెప్తే ఏమొస్తది బిడ్డా" అని బర్రెల దగ్గరికి వెళ్లిపోయాడట. క్షమించలేదు, కోప్పడలేదు. ఆమెకు అది సరిపోలేదు. నోట్‌బుక్‌లో మాత్రం ఆ తర్వాత ఆయన ప్రస్తావన పలచబడింది.

ఇదే సమయంలో ఇంట్లో ఒక గొడవ. భర్త నోట్‌బుక్ చూశాడు. తన గురించి రాసిన ఒక వాక్యాన్ని అత్త ముందు పైకి చదివాడు. ఆమె ఆ రోజే పేజీలు చింపి పొయ్యిలో వేసింది. రాతతో పనిచేసేవాళ్లు ఎవరైనా ఈ సమస్యను మొదటి సెషన్లోనే మాట్లాడి పెట్టుకోవాలి. మన ఇళ్లలో ఆడమనిషికి సొంత బీరువా అర ఉండటమే అరుదు, ఆమె రాసుకున్నది ఎవరూ ముట్టరని అనుకోవడానికి వీల్లేదు. మేమూ మొదట్లో మాట్లాడుకున్నాం, "మా ఇంట్ల ఎవ్వరు చదవరు" అని అప్పుడు అంది. భర్తను పిలిపించి మాట్లాడాను. ఆయన చెడ్డ మనిషేం కాదు, భార్య తన గురించి ఏం రాస్తోందో అన్న భయం. రాయడం వల్ల మేలు కలగాలంటే రాసిన పేజీని ఉంచుకోవాల్సిన అవసరం లేదని ఇద్దరికీ చెప్పాను. అప్పటి నుంచి ఆమె రాసింది రాసినట్టే చింపేయడం మొదలుపెట్టింది.

అన్నీ చింపేస్తే మాత్రం ఆమె అసలు సమస్యకు మందు లేదు. ఏటా రెండుసార్లు తిరిగి వచ్చే కష్టం కదా. మనిషికి కోపం గుర్తుంటుంది, ఏ వారంలో ఏం జరిగిందో గుర్తుండదు. అందుకే ఒక ఏర్పాటు చేసుకున్నాం. భావాలు రాసిన పేజీలు చింపెయ్. వారానికొకసారి, ఎవరు చదివినా ఫర్వాలేని అర పేజీ మాత్రం ఉంచు: ఈ వారం ఏది ఆగింది, ఎక్కడ ఆగింది, నేను ఏం చేశాను, ఏం చేయకుండా ఉండాల్సింది. ఈ అర పేజీలు నా దగ్గర ఫైల్లో పెట్టింది.

ఆగస్టులో, నాట్లు అయిపోయి ఊరు కొంచెం నెమ్మదించాక, వాటిని తనే గట్టిగా చదివింది. నా లెక్కలో ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ పని జరిగింది ఆ సెషన్లలోనే, సీజన్ లేని రోజుల్లో. చదువుతుంటే ఆమే పట్టుకుంది: "ప్రతిసారి సంచులు రెండో వారంలనే అయిపోతున్నయ్. నేను ప్రతిసారి కొత్తగ ఆగమైతున్న." లారీల కొరత కూడా అంతే, మిల్లుల దగ్గర క్యూ మొదలైన మూడు నాలుగు రోజులకు. ఇంట్లో గొడవలన్నీ ఆమె రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తిన రోజుల్లోనే పడ్డాయి. తిట్టు పడిన రోజుల్లో ఎక్కువ భాగం వరస గురించి ఎవరికీ స్పష్టంగా తెలియని రోజులు. "వానాకాలం వడ్లకు ముందే చెయ్యాల్సినవి" అని ఒక కాగితం తయారుచేసింది. అది నేను రాసివ్వలేదు.

అక్టోబర్‌లో టోకెన్ వరసను చార్టు మీద రాసి షెడ్డు గోడకు కట్టింది. ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపిస్తుంది, కాబట్టి పెద్దమనిషి ఫోన్ చేసినా "గోడ మీద ఉంది అన్నా, నేను మార్చరాదు" అనగలిగింది. పట్టాలకు ఇండెంట్ ముందే పెట్టి, రాకపోతే ఎవరిని అడగాలో నంబర్ రాసుకుంది. ట్యాబ్ ఎంట్రీ ఇంకో సభ్యురాలు నేర్చుకుంది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ భర్త ఎత్తుతాడు. ఆయనకు ఈ పని నచ్చింది, కాస్త దర్పంగా కూడా చేస్తాడని ఆమె నవ్వింది. నవంబర్ నడుమ పీహెచ్‌క్యూ-9 మళ్లీ వేస్తే స్వల్ప శ్రేణిలోకి, అంటే 5 నుంచి 9 మధ్యలోకి వచ్చింది. ఐరన్ మాత్రల వాటా ఎంత, గోడ మీది చార్టు వాటా ఎంత, నోట్‌బుక్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. సన్న వడ్లకు ప్రభుత్వం క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తుండటంతో, సన్నం ఏది దొడ్డు ఏది అని గింజ కొలిచే దగ్గర కొత్త పేచీలు వచ్చాయి. అది ఆమె కాగితంలో లేని సంగతి. ఆ వారం పూర్తిగా కుంగిపోయింది, రెండు రోజులు సెంటర్‌కు పోలేదు. మూడో రోజు పోయి, పేచీ గురించి అర పేజీ రాసి ఫైల్‌కు పంపింది.

మరుసటి యాసంగి కూడా తేలికగా ఏం గడవలేదు. లారీలు అలాగే ఆగాయి, ఎండ అలాగే ఉంది. ఒకసారి అందరి ముందు ఏడ్చింది. గుండెదడ మళ్లీ రాలేదు. కనిపించకుండా పోవాలన్న ఆలోచన గురించి ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాను. ఒకసారి వచ్చిందంది, అదే రోజు 14416కు తనే ఫోన్ చేసి మాట్లాడింది.

ఇప్పుడు రెగ్యులర్ సెషన్లు లేవు. మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి, సీజన్‌కు ముందు వచ్చి ఫైల్ తీసి చదువుకుంటుంది. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అప్పుడే.

ఈమధ్య పైస్థాయి సిబ్బందిలో ఒకరు ఈ సంగతి విని, మండలంలోని ఇన్‌ఛార్జులందరితో ఇలాగే రాయించి, ఆ నోట్‌బుక్‌లు నెలకోసారి ఆఫీసులో తెప్పించుకుని చూద్దామన్నారు. ఎలా రాసుకోవాలో ఒక పూట వచ్చి నేర్పుతానన్నాను. నోట్‌బుక్‌లు ఆఫీసుకు ఇవ్వాలంటే మాత్రం రానని చెప్పాను. అధికారి చదువుతాడని తెలిస్తే ఐదో పేజీ ఎవరూ రాయరు. ఇంకా జవాబు రాలేదు.